గాలి మొక్కకు వెలుగెంత కావాలి?

మట్టి అక్కర్లేదు, కుండీ అక్కర్లేదు, గాలిలో వేలాడదీస్తే బతికేస్తుందని విని మీరొక ఎయిర్ ప్లాంట్ తెచ్చుకున్నారు. హాల్లో టీవీ పక్కన గాజు గిన్నెలో ముచ్చటగా పెట్టుకున్నారు. మొదటి నెల బాగానే ఉంది. రెండో నెలకి ఆకుల్లో కళ తగ్గింది. మూడో నెలలో చేత్తో పట్టుకుంటే నడిమి ఆకులు ఊడి చేతికొచ్చాయి. నీళ్లు చాల్లేదేమోనని మీరనుకున్నారు. ఎక్కువ పోశావని ఇంట్లోవాళ్లన్నారు. వెలుతురు సంగతి ఒక్కరికైనా తట్టిందా?

చాలా ఇళ్లలో తట్టదు. ఎందుకంటే హాల్లో మనకు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మనకు కనిపిస్తోంది కాబట్టి మొక్కకూ వెలుగు ఉన్నట్టే అనుకుంటాం. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. మన కన్ను మసక వెలుగుకి ఇట్టే సర్దుకుంటుంది. ఆకు అలా సర్దుకోలేదు. దానికి వెలుగే తిండి.

నందివాడ, గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. ఒకవైపు కొల్లేరు, చుట్టూ చేపల చెరువులు, ఊరూరా కాలువలు, ఇంకాస్త దిగువకి వెళ్తే సముద్రం. ఏడాదిలో ఎక్కువ భాగం మన గాలిలో తేమకు కొదవ లేదు. ఎయిర్ ప్లాంట్ పెంచేవాళ్లకి చాలాచోట్ల దొరకని వరం ఇది. మీకు మిగిలింది ఒక్క పని: ఇంట్లో సరైన చోటు వెతికి పెట్టడం. ఆ చోటుని షోకేసు చూసి నిర్ణయించకండి, కిటికీ చూసి నిర్ణయించండి. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు మొక్కని తెలుసుకోండి

ఎయిర్ ప్లాంట్ల అసలు పేరు టిల్లాండ్సియా. అమెరికా దక్షిణ ప్రాంతాల నుంచి అర్జెంటీనా, చిలీల దాకా ఆరు వందలకు పైగా రకాలున్నాయి. ఎక్కువ రకాలు చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతాయి. మన మామిడిచెట్ల మీద పెరిగే బదనిక చెట్టు రసం పీల్చుకుంటుంది. ఇవి అలా పీల్చవు. వేళ్లు పట్టు కోసమే. నీళ్లు ఆకుల మీదుండే సన్నటి పొలుసుల ద్వారా తీసుకుంటాయి.

గుమ్మానికి దిష్టి కోసం కట్టే కలబంద మట్టి లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండటం మీరు చూసే ఉంటారు. అది ఆకుల్లో దాచుకున్న నీటితో గడుపుతుంది. ఎయిర్ ప్లాంట్ దగ్గర అంత నిల్వ ఉండదు. అందుకే దాని విషయంలో వెలుగు, నీళ్లు, గాలి మూడూ రోజూ లెక్కలోకి వస్తాయి.

అది పుట్టిన చోట వెలుగెలా ఉంటుంది? పైన ఆకుల గొడుగు, సందుల్లోంచి జారే ఎండ, చుట్టూ ఆడే గాలి. ఏప్రిల్లో పది గంటల వేళ వేపచెట్టు కింద నిలబడి చూడండి. నేల మీద ఎండ మచ్చలు మచ్చలుగా పడుతూ ఉంటుంది. మీ ఇంట్లో వెతకాల్సింది అలాంటి వెలుగునే.

1. చేతి నీడతో కొలవండి

పరికరాలేమీ అక్కర్లేదు. మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్లకాగితం పరవండి. పొద్దున పది, పదకొండు గంటల మధ్య, ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, కాగితానికి అడుగు ఎత్తున చేయి చాపండి. నీడ చూడండి.

- అంచులు గీత గీసినట్టుగా, నల్లగా నీడ పడితే అక్కడికి నేరుగా ఎండ వస్తోంది. పొద్దుటి పూట అయితే మంచిదే. మధ్యాహ్నం అయితే ఎక్కువ.
- అంచులు మెత్తగా ఉండి, అయినా వేళ్లు విడివిడిగా తెలుస్తుంటే సరైన చోటు అదే.
- చేయి ఉన్నట్టు ఒక మసక మచ్చ మాత్రమే పడితే వెలుగు చాలదు. కిటికీ వైపు జరపాలి.
- నీడే పడకపోతే ఆ చోటు మొక్కకి చీకటి గది కిందే లెక్క.

ఇదే పరీక్ష మధ్యాహ్నం మూడింటికి మళ్లీ చేయండి. పొద్దున మెత్తటి నీడ పడిన పడమటి గది మూడింటికి భగ్గుమంటూ ఉండొచ్చు.

అంకెలు కావాలా? ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. ఖచ్చితంగా చూపించకపోయినా పోల్చుకోవడానికి పనికొస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. హాలు మధ్యలో చూస్తే చాలా ఇళ్లలో అది 100 నుంచి 300 మధ్యకు పడిపోతుంది. మొక్క దగ్గర పగటిపూట 5,000 నుంచి 20,000 మధ్య ఉండేలా చూసుకోండి. హాలు మధ్యలో మొక్క ఎందుకు నీరసించిందో ఈ అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

2. కిటికీ దిక్కు చూడండి

తూర్పు కిటికీ: మొదటి ఎంపిక ఇదే. పొద్దుటి నీరెండ గంటా రెండు గంటలు పడితే దాదాపు అన్ని రకాలూ సంతోషంగా ఉంటాయి. వాస్తు చూసుకుని కట్టిన మన ఇళ్లలో తూర్పు, ఉత్తరం వైపు ఖాళీ స్థలం, కిటికీలు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఈ చోటు మీకు సులువుగానే దొరుకుతుంది.

ఉత్తరం కిటికీ: ఎండ దెబ్బ భయం తక్కువ. కానీ చలికాలంలో వెలుగు తగ్గుతుంది. కిటికీకి బాగా దగ్గరగా, పచ్చటి ఆకు రకాలు పెట్టుకోండి.

దక్షిణం కిటికీ: వేసవిలో ఎండ నడినెత్తిన ఉంటుంది కాబట్టి సన్‌షేడ్ అడ్డుకుంటుంది. డిసెంబరులో మాత్రం సూర్యుడు దక్షిణానికి వాలి, సన్‌షేడ్ కింద నుంచి ఎండ గదిలోకి మూడు నాలుగు అడుగుల దాకా వస్తుంది. చలికాలానికి ఇది మంచి చోటు.

పడమర కిటికీ: జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం రెండు దాటాక పడమటెండ గదిలోకి చొరబడుతుంది. పల్చటి తెల్ల కర్టెన్ వేసి, మొక్కని రెండడుగులు లోపలికి జరిపితే ఇక్కడ కూడా పెంచొచ్చు.

బందరులో ఒక పాత పెంకుటిల్లు అనుకోండి. వీధివైపు పడమర, వెనక పెరడు తూర్పు. కోడలు నర్సరీ నుంచి మొక్క తెచ్చింది.

"అత్తయ్యా, దీన్ని వీధి వసారాలో వేలాడదీయనా? వచ్చిపోయేవాళ్లకి కనిపిస్తుంది."

"వద్దమ్మా, మూడింటికి అక్కడ కుర్చీ వేసుకుని మనమే కూర్చోలేం. వెనక వసారాలో కట్టు. పొద్దుటెండ కాసేపు తగులుతుంది, తర్వాత నీడపట్టు."

అత్తగారు లక్స్ మీటర్ చూడలేదు. ఏ వేళకి ఎక్కడ ఎండ పడుతుందో ఆమెకి ఏళ్ల తరబడి తెలుసు. మీ ఇంట్లో కూడా అలాంటి పెద్దవాళ్లుంటే ముందు వాళ్లని అడగండి.

3. దూరాన్ని అడుగుల్లో లెక్కపెట్టండి

కిటికీ నుంచి దూరం జరిగేకొద్దీ వెలుగు గబగబా పడిపోతుంది. అడుగు దూరంలో ఉన్న వెలుగులో ఆరడుగుల దగ్గర మిగిలేది కొద్దిపాటే. అందుకే ఒక హద్దు పెట్టుకోండి: ఎండ నేరుగా పడని కిటికీ అయితే మూడడుగుల లోపే మొక్క ఉండాలి.

కిటికీ ఉందంటే సరిపోయిందనుకోకండి. దాని మీద ఏమేం ఉన్నాయో కూడా చూడండి. చేపల చెరువుల మధ్య ఊళ్లలో దోమల మెష్ లేని కిటికీ అరుదు. ఆ మెష్ కొంత వెలుగుని ఆపుతుంది. దుమ్ము పట్టిందంటే ఇంకా ఎక్కువ ఆపుతుంది. వేలితో ఒకసారి రుద్ది చూడండి, బూడిద రంగు పొర వేలికి అంటుకుంటుంది. మొక్కకి వెళ్లాల్సిన వెలుగు ఆ పొర దగ్గరే ఆగిపోతోంది. మెష్ వెనక నీలం అద్దం, అద్దం వెనక మందపాటి కర్టెన్, బయట సన్‌షేడ్, దాని ముందు పక్కింటి గోడ. ఇన్ని దాటి లోపలికి వచ్చేదెంత?

నందివాడ మండలంలో కొత్తగా కట్టుకున్న డాబా ఇల్లు ఊహించుకోండి. పెద్ద హాలు, నాలుగు కిటికీలు. అన్నిటికీ మెష్, అన్నిటికీ రంగుటద్దాలు. మొక్క కిటికీకి రెండడుగుల్లోనే ఉంది, అయినా వాడుతోంది. ఆ ఇంటివాళ్లు చేయాల్సింది కొత్త మొక్క కొనడం కాదు. మెష్‌ని నెలకోసారి తడిగుడ్డతో తుడవడం, పగలు కర్టెన్ పక్కకి లాగడం, వీలైతే ఒక అద్దం తలుపు తీసి ఉంచడం. గాలి కూడా ఆడుతుంది.

4. ఆకు రంగు చూసి చోటివ్వండి

ఎయిర్ ప్లాంట్లన్నీ ఒకటి కాదు. ఆకు మీద వేలు పెట్టి చూడండి. బూడిద పూసినట్టు, వెండి రంగులో, కాస్త గరుకుగా ఉంటే దాని మీద పొలుసులు ఎక్కువని అర్థం. ఆ పొలుసులు ఎండని వెనక్కి కొడతాయి. జెరోగ్రాఫికా, టెక్టోరమ్ ఈ కోవవి. వీటికి తూర్పు కిటికీ గట్టు మీద చోటివ్వండి.

ఆకు నున్నగా, ముదురు పచ్చగా ఉంటే పొలుసులు తక్కువ. బల్బోసా అలాంటిది. దీన్ని నేరుగా ఎండలో పెట్టకండి. ఉత్తరం కిటికీ, లేదా తూర్పు కిటికీకి రెండడుగుల లోపలి చోటు సరిపోతుంది.

చాలామంది మొదట కొనే ఐయొనాంథా మధ్యరకం. పొద్దుటి ఎండ గంటసేపు ఇచ్చి, మిగతా పగలంతా వెలుతురులో ఉంచితే చాలు. గడ్డంలా వేలాడే స్పానిష్ మాస్ మన వసారాల్లో చక్కగా పెరుగుతుంది. దాన్ని ముద్దగా కట్టకుండా పల్చగా విడదీయండి. ముద్దగా ఉంటే లోపలి పోగులకి వెలుగందక నల్లబడతాయి.

5. కొత్త మొక్కని నెమ్మదిగా అలవాటు చేయండి

కడియం నర్సరీల నుంచి తెచ్చినా, ఆన్‌లైన్లో తెప్పించినా మొక్క ఎక్కువగా షేడ్ నెట్ కింద పెరిగి వస్తుంది. పైగా రెండు మూడు రోజులు అట్టపెట్టెలో చీకట్లో ఉండి ఉంటుంది. దాన్ని విప్పిన రోజే ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి.

- మొదటి వారం: కిటికీకి మూడడుగుల దూరం. ఎండ తగలకూడదు.
- రెండో వారం: అడుగున్నర దూరానికి తీసుకురండి.
- మూడో వారం: పొద్దుటి ఎండ అరగంట. తట్టుకుంటే గంట.

ఇలా అలవాటయ్యాక చోటు మార్చిన ప్రతిసారీ రెండు మూడు వారాలు ఆగి చూడండి. ఈ మొక్కలు నిదానంగా పెరుగుతాయి, జవాబు కూడా నిదానంగానే ఇస్తాయి. రోజుకో చోటికి మారిస్తే ఏ చోటు నచ్చిందో మీకూ తెలియదు, దానికీ కుదురుండదు. వారానికోసారి పావు వంతు తిప్పుతూ ఉంటే ఒకేవైపు వాలిపోకుండా అన్ని వైపులా సమంగా పెరుగుతుంది.

6. కాలాన్ని బట్టి జరపండి

సంక్రాంతికి బాగున్న చోటు రోహిణి కార్తెకి బాగుండాలని లేదు. మన ప్రాంతంలో పగటి పొడవు మరీ మారదు. డిసెంబరులో పదకొండు గంటల పైచిలుకు, జూన్లో పదమూడు గంటల పైచిలుకు. అసలు మారేది సూర్యుడి దారి. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు 7 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి మధ్య కొంచెం ఉత్తరానికి ఉంటాడు. అందుకే జూన్లో ఉత్తరం కిటికీలోంచి కూడా పొద్దునా సాయంత్రం ఏటవాలుగా ఎండ పడుతుంది.

శివరాత్రి నుంచి ఉగాది దాకా: పడమటి కిటికీలో ఉన్నవాటిని వెనక్కి జరపండి.

ఏప్రిల్ నుంచి తొలకరి దాకా: పది దాటాక ఎండ తగలనివ్వకండి. పడమటి వడగాలి వీచే రోజుల్లో గాలిలో తేమ ఒక్కసారిగా పడిపోతుంది. మామూలు రోజుల్లో తట్టుకున్న ఎండే ఆ రోజుల్లో ఆకు కొసలని కాలుస్తుంది. రేకుల షెడ్డు కింద, డాబా మీద వేలాడదీసినవాటిని ఇంట్లోకి తెచ్చేయండి.

జులై, ఆగస్టు, సెప్టెంబరు: మబ్బు ఎక్కువ. మొక్కని కిటికీకి అడుగు దూరంలోపు తెండి.

అక్టోబరు, నవంబరు: వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు వెలుగుండదు. ఆ రోజుల్లో మొక్కని నీళ్లలో ముంచకండి. ఆరుబయట వేలాడుతుంటే లోపలికి తీసుకురండి.

డిసెంబరు, జనవరి: పొద్దుటి మంచు విడిచాక వచ్చే ఎండ మెత్తగా ఉంటుంది. దక్షిణం, తూర్పు కిటికీల్లో హాయిగా పడనివ్వండి.

7. వెలుగుని బట్టే నీళ్లు

వెలుగు తక్కువ ఉన్నచోట మొక్క నీళ్లు తక్కువ వాడుకుంటుంది, ఆరడం కూడా ఆలస్యమవుతుంది. మొదలు కుళ్లడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. అందుకే చోటు కుదిరాకే నీళ్ల లెక్క పెట్టుకోండి. వారానికోసారి ఇరవై, ముప్ఫై నిమిషాలు నీళ్లలో ముంచి, తీసి, తలకిందులుగా దులిపి, నాలుగు గంటల్లోపు పూర్తిగా ఆరేలా కిటికీ దగ్గర పెట్టండి. వడగాలి రోజుల్లో వారానికి రెండుసార్లు ముంచొచ్చు.

పొద్దున మాత్రమే ముంచండి. ఈ మొక్కలు ఆకుల రంధ్రాలని ఎక్కువగా రాత్రిపూట తెరిచి గాలి పీల్చుకుంటాయి. రాత్రి ఆకు తడిగా ఉంటే ఆ పని సాగదు. ఇంకో మాట: డెల్టా దిగువన చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు ఆకుల మీద తెల్లగా పేరుకుంటే పొలుసులు మూసుకుపోతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి, అంతకన్నా మంచివి లేవు.

8. కిటికీ లేకపోతే ట్యూబ్‌లైటు పెట్టండి

గుడివాడలో అపార్ట్‌మెంటు. మూడు వైపులా పక్క బిల్డింగులు, ఒక్క బాల్కనీ, అదీ పడమర. మీ పరిస్థితి ఇదేనా? అధైర్యపడకండి. మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైటు, 20 వాట్లది, ఒకటి చాలు. మొక్కకి ఆరు నుంచి పన్నెండు అంగుళాల ఎత్తులో బిగించి రోజుకి పన్నెండు గంటలు వెలిగించండి. ప్లగ్గుకి ఒక టైమర్ పెట్టుకుంటే మర్చిపోయే బెంగ ఉండదు. వేసవిలో కరెంటు రెండు గంటలు పోయినా మొక్కకి ఏమీ కాదు. గోడ మీద పైకప్పు దగ్గర వెలిగే లైటు మాత్రం లెక్కలోకి రాదు. పూజగదిలో జీరో బల్బు అసలే రాదు. రాత్రి లైటు ఆర్పేయండి, దానికీ చీకటి కావాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

- మూతి ఇరుకైన గాజు బుడ్డిలో పెట్టి ఎండలో ఉంచడం. లోపల వేడి పెరిగి మొక్క ఉడికిపోతుంది. గాజులో పెట్టాలనుకుంటే మూతి వెడల్పైనది, నీడపట్టున.
- తడి ఆరకుండానే ఎండలోకి తేవడం. ముందు ఆరనివ్వండి.
- ఇంట్లో వైరింగ్ చేయగా మిగిలిన రాగి తీగతో కట్టడం. రాగి ఈ మొక్కలకి విషం. గాలానికి వాడే నైలాన్ దారం వాడండి. కొబ్బరిచిప్పకి, ఎండుకొమ్మకి కట్టినా కనపడదు.
- ఐయొనాంథా ఎర్రబడగానే ఎండదెబ్బ అనుకుని చీకట్లోకి మార్చడం. పూతకి వచ్చే ముందు అది అలాగే ఎర్రబడుతుంది. ఆకు గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటే దాన్ని కదపకండి.
- ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టడం. వెలుగు సరిపోయినా ఆకు కొసలు ఎండిపోతాయి.

మొక్కే చెబుతుంది, చూడటం నేర్చుకోండి

వెలుగు తక్కువైతే: ఆకులు పాలిపోతాయి, సన్నగా సాగుతాయి, మెత్తబడతాయి. కొత్త ఆకు పాతదానికన్నా బలహీనంగా వస్తుంది. ఆఖరికి మొదలు దగ్గర నల్లబడుతుంది. మొదలు నల్లబడేదాకా ఆగొద్దు. ఆకు సాగుతోందని అనిపించిన వారమే కిటికీ వైపు ఒక అడుగు జరపండి.

వెలుగు ఎక్కువైతే: కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి, ఎండ తగిలే వైపు తెల్లటి మచ్చలు పడతాయి, ఆకులు లోపలికి ముడుచుకుంటాయి. మాడిన కొసని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, మొక్కని ఒక అడుగు వెనక్కి జరపండి. కాలిన మచ్చ మళ్లీ పచ్చబడదు, కానీ కొత్త ఆకులు బాగా వస్తాయి.

సరిపోతే: ఆకు పట్టుకుంటే గట్టిగా ఉంటుంది, రంగు నిలకడగా ఉంటుంది, మధ్యలోంచి కొత్త ఆకులు కురచగా, దిట్టంగా వస్తాయి. పూసిన తర్వాత మొదలు దగ్గర పిల్లలు పెడుతుంది. ఒక మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత పిల్లలే దాని వంశం. తల్లిలో మూడో వంతు పెరిగాక వాటిని విడదీసి ఇరుగుపొరుగుకి ఇవ్వొచ్చు.

ఇంతకీ మీరు ఎక్కడ మొదలుపెట్టాలి? రేపు పొద్దున పది గంటలకి ఒక తెల్లకాగితం తీసుకుని ఇంట్లో కిటికీలన్నీ తిరగండి. ఒక్కోచోట చేయి చాపి నీడ చూడండి. వేళ్లు విడివిడిగా, అంచులు మెత్తగా కనిపించిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. మూడింటికి మరోసారి చూసి, అప్పటికీ ఆ చోటు బాగుంటే మొక్కని అక్కడికి మార్చండి. టీవీ పక్కన చోటు ఖాళీ అయిందని బాధపడకండి, అక్కడ ఏ బొమ్మైనా అందంగానే ఉంటుంది. ప్రాణమున్న మొక్కకి మాత్రం కిటికీ పక్కనే చోటివ్వండి.